నీటి వేగానికి ధ్వని కొలమానం

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నదీజలాల తగాదాలను గురించి పత్రికలలో చదువుతూనే ఉంటాము. వాటన్నిటికీ మూలమైన ప్రశ్న ఒక్కటే: నీరు ఎంత పారింది, దాన్ని ఎట్లా కొలిచారు? అందువల్ల నీటి వేగాన్ని కొలిచే విద్యలోకి ధ్వని ప్రవేశించిన వైనం ఇక్కడ వివరిస్తాను.

ప్రవాహాన్ని కొలవడమంటే రెండు లెక్కలు: నీరు పారే అడ్డుకోత వైశాల్యం ఎంత, ఆ నీటి వేగం ఎంత. రెండింటినీ గుణిస్తే క్యూసెక్కులు వస్తాయి. వైశాల్యం కొలతబద్దకు, తాడుకు లొంగుతుంది. వేగమే చిక్కు. 1732లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ పిటో వంచిన గాజుగొట్టాన్ని సీన్ నదిలో ముంచి, గొట్టంలో నీరు లేచిన ఎత్తునుబట్టి వేగం కట్టాడు. 1790లో జర్మనీలో వోల్ట్‌మన్ తిరిగే చక్రం గల కరెంట్ మీటరును వర్ణించాడు. 1882లో అమెరికాలో ప్రైస్ చేసిన గిన్నెల మీటరే మన తరం వారికి చిరపరిచితం. పడవలో కూర్చుని, లోతులో పైనుండి పదింట ఆరో వంతు దగ్గర మీటరు దించి, చెవికి తగిలించుకున్న ఫోనులో టిక్కులు లెక్కపెట్టడం మనలో చాలామందికి తెలిసిన పనే. వరదలో ఆ పని ప్రాణాపాయం. పైగా కొలత పూర్తయ్యేలోగా ఏరు మరో అడుగు పెరిగి ఉండేది.

ధ్వని కథ 1880లో మొదలైంది. పారిస్‌లో జాక్, పియరీ క్యూరీ సోదరులు స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. విద్యుత్తు ఇస్తే స్ఫటికం కంపిస్తుందని కూడా మరుసటి ఏడాదే తేలింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917 ప్రాంతంలో, లాంజెవిన్ ఈ గుణంతో జలాంతర్గాములను పట్టే సాధనం చేశాడు. విద్యుత్తును ధ్వనిగా, ధ్వనిని తిరిగి విద్యుత్తుగా మార్చే అట్టి బిళ్ళనే ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. అది పుట్టించే అతిధ్వని మన చెవికి వినపడదు.

దీనితో నీటి వేగం ఎట్లా తెలుస్తుంది? ఏటివాలున పడవ త్వరగా చేరుతుంది, ఎదురీదే పడవ ఆలస్యమవుతుంది. ధ్వనీ అంతే. కాలువ రెండు గట్లకు ఏటవాలుగా రెండు బిళ్ళలు బిగించి, ధ్వనిని ఒకసారి వాలుకు, ఒకసారి ఎదురుకు పంపి, రెండు కాలాలూ కొలుస్తారు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. బిళ్ళల మధ్య దూరం 15 మీటర్లు, ఆ దారివెంట నీటి వేగం సెకనుకు 1 మీటరు అనుకుంటే, రెండు కాలాలకూ తేడా సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో 13 భాగాలు మాత్రమే. జర్మనీలో రూటెన్ ఈ పద్ధతికి 1928లోనే పేటెంటు కోరినా, పారిశ్రామిక మీటరుగా జపాన్‌లో టోక్యో కైకీ సంస్థ తేవడానికి 1963 వరకు పట్టింది. అంత చిన్న తేడాను పట్టడం తేలిక కాదు.

ఈ పద్ధతిలో ఒక సొగసు ఉంది. నీరు వేడెక్కితే ధ్వని వేగం మారుతుంది. కాని వాలు, ఎదురు కాలాలు రెండూ చేతిలో ఉంటే, లెక్కలో ధ్వని వేగం దానంతటదే కొట్టుకుపోయి నీటి వేగమే మిగులుతుంది.

ఒండ్రు, బుడగలు ఎక్కువైతే ధ్వని అవతలి గట్టు చేరదు. అక్కడ 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం అక్కరకు వచ్చింది. కదిలే రేణువులకు తగిలి తిరిగివచ్చే ధ్వని స్థాయి మారుతుంది. ఆ మార్పే వేగం చెబుతుంది. జపాన్‌కు చెందిన సతొమురా 1950 దశకంలో ఇదే సూత్రాన్ని గుండె కదలికకు, రక్తప్రవాహానికి వర్తింపజేశాడు. మన వయసు వారికి డాక్టరు వ్రాసే డాప్లర్ పరీక్షకు మూలం అదే. పడవకు కట్టిన డాప్లర్ యంత్రం నదిని అడ్డంగా దాటుతూనే వేర్వేరు లోతులలోని వేగాన్నీ, అడుగునూ కూడా కొలుస్తుంది.

అయితే గట్టున బిగించిన బిళ్ళలు చెప్పేది వేగం మాత్రమే. వరదకు అడుగు కోసుకుపోయినా, మేట వేసినా వైశాల్యం మారుతుంది. దాన్ని మనుషులు మళ్ళీ కొలవాల్సిందే. 1973లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో నూటికి 75 ఏళ్ళు నమ్మదగిన నీరు 2,060 టి.ఎం.సి.లని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. ఆ అంకెకు ఆధారం విజయవాడ వద్ద 1894-95 నుండి 1971-72 వరకు 78 సంవత్సరాల ప్రవాహ లెక్కలు. అందులో నూటికి 2 వంతుల తేడా వచ్చినా 41 టి.ఎం.సి.లు, అంటే ప్రకాశం బ్యారేజీని పదమూడుసార్లు నింపగల నీరు.

2014 తర్వాత ఆ నీటిని రెండు తెలుగు రాష్ట్రాలు పంచుకోవలసి వచ్చింది. యంత్రాలు ఎంత సూక్ష్మమైనవైనా, అడ్డుకోత కొలతను, యంత్రం సంరక్షణను ఇరుపక్షాలూ కలిసి చూస్తేనే ఆ అంకెను ఇద్దరూ ఒప్పుకుంటారని నా అభిప్రాయం. ఎండలో, వానలో గేజి చూసి పుస్తకంలో అంకె వ్రాసిన చిన్న ఉద్యోగుల శ్రద్ధపైనే 78 ఏళ్ళ లెక్క నిలిచింది. ధ్వనితో కొలిచే ఈ రోజులలో కూడా ఆ శ్రద్ధ అవసరం తీరిపోలేదు.