ఉద్యోగం మానేశాక సొంత వ్యాపారం పెట్టకుండా కంపెనీ ఆపగలదా?

రాజీనామా చేశారు. అదే రంగంలో సొంతంగా ఏదైనా మొదలుపెడదామనుకుంటున్నారు. ఇంతలో హెచ్‌ఆర్ నుంచి మెయిల్: ‘మీరు సంతకం చేసిన నాన్-కంపీట్ నిబంధన ప్రకారం ఏడాదిపాటు పోటీ వ్యాపారం చేయకూడదు.’ కంగారు పడకండి. ఉద్యోగం వదిలేశాక ఆ నిబంధనకు మన కోర్టుల్లో బలం చాలా తక్కువ.

భారత ఒప్పంద చట్టం-1872లోని సెక్షన్ 27 ప్రకారం, చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. మీరు ఇష్టపూర్వకంగా సంతకం చేసినా అంతే. క్రికెటర్ జహీర్ ఖాన్‌కూ, పర్సెప్ట్ డీమార్క్ సంస్థకూ మధ్య నడిచిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని వర్తింపజేసింది. ఒప్పందం గడువు తీరాక కూడా వెంటాడే ఆంక్షను అమలు చేయలేమంది.

ఉద్యోగంలో ఉన్నంతకాలం మాత్రం లెక్క వేరు. అయిదేళ్ల ఒప్పందం కుదుర్చుకుని మధ్యలోనే పోటీ సంస్థలో చేరిన ఉద్యోగిని, మిగిలిన గడువు వరకు నిలువరించడం సబబేనని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. నోటీస్ పీరియడ్ కూడా ఉద్యోగమే. రిలీవ్ అయ్యేదాకా సొంత కంపెనీ పేరుతో బిల్లులు వేయొద్దు, ఆఫీసు క్లయింట్లకు ఫోన్లు చేయొద్దు.

చాలామంది ఇరుక్కునేది ఇక్కడ కాదు, ల్యాప్‌టాప్ దగ్గర. క్లయింట్ల జాబితా, ధరల షీట్లు సొంత మెయిల్‌కు పంపుకొంటే గోప్యత నిబంధన కింద కోర్టుకు లాగొచ్చు. ఆ నిబంధన ఉద్యోగం మానేశాక కూడా వర్తిస్తుంది. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌పై కాపీరైట్ సాధారణంగా కంపెనీదే. మీ బుర్రలోని నైపుణ్యం మీది, ఫైళ్లు మీవి కావు.

బాండ్ సంగతి వేరు. మూడేళ్లు నిండకుండా వెళ్తే రూ.2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అది పోటీని అడ్డుకోవడం కాదు, మధ్యలో వెళ్లినందుకు పరిహారం. మీ స్టార్టప్‌ను గుడ్‌విల్‌తో సహా అమ్మేసినా మినహాయింపు ఉంది: సహేతుకమైన హద్దుల్లో, కొన్నవారికి పోటీగా రాకూడదన్న షరతు నిలుస్తుంది.

వెళ్లేటప్పుడు కొన్ని కంపెనీలు కొత్త హామీపత్రంపై సంతకం అడుగుతాయి. అందులో పోటీ గురించిన వాక్యం కన్నా గోప్యత, బకాయిల పేరాలు జాగ్రత్తగా చదవండి. లీగల్ నోటీసే వస్తే పక్కన పడేయకుండా, న్యాయవాదితో మాట్లాడి గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి.