రక్తపోటు చికిత్సలో వృక్ష ఫ్లేవనాయిడ్లు: ఆధారాలు, పరిమితులు

పూలకు, పండ్లకు రంగును సమకూర్చే పాలీఫినాల్ సమ్మేళనాలలో ముఖ్యమైన వర్గం ఫ్లేవనాయిడ్లు. ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, తేయాకులోని కాటెచిన్లు, నేరేడు పండులోని ఆంథోసయనిన్లు ఈ వర్గానికి చెందినవే. ఇవి అధిక రక్తపోటును కొంతమేర తగ్గించగలవని ప్రయోగాలు సూచిస్తున్నాయి. అయితే వైద్యులు ఇచ్చే మందులకు ఇవి ప్రత్యామ్నాయమని రుజువు కాలేదు.

వాల్తేరు పరిశోధనలు

ఈ సమ్మేళనాల అధ్యయనంలో తెలుగు నేలకు విశిష్ట స్థానం ఉంది. రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి 1930, 1940 దశకాల్లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పత్తి పూల వర్ణద్రవ్యాలను పరిశోధించారు. గోంగూర పూలలోని హిబిస్కెటిన్ అనే ఫ్లేవనాయిడ్ నిర్మాణాన్ని కూడా ఆయన బృందం అధ్యయనం చేసింది. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లిన శేషాద్రి, 1960లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. నాటి పరిశోధనల లక్ష్యం అణునిర్మాణమే. వైద్య ప్రయోగాలు ఆ తరువాతి కాలానివి.

పనిచేసే తీరు

రక్తనాళాల లోపొరలో ఉత్పత్తయ్యే నైట్రిక్ ఆక్సైడ్ నాళాలను సడలిస్తుంది. కొన్ని ఫ్లేవనాయిడ్లు దాని లభ్యతను పెంచుతాయి. అయితే ఆహారం ద్వారా అందే ఫ్లేవనాయిడ్లలో కొంత భాగమే రక్తంలో చేరుతుంది. అదీ పేగుల్లోని సూక్ష్మజీవుల వల్ల, కాలేయంలో జరిగే చర్యల వల్ల రూపాంతరం చెందుతుంది. అందువల్ల పరీక్షనాళికలో కనిపించిన ఫలితం శరీరంలోనూ కనిపిస్తుందని చెప్పలేం.

ప్రయోగాల ఫలితాలు

అమెరికాలో 2007లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, అధిక రక్తపోటు తొలి దశలో ఉన్నవారికి రోజుకు 730 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్‌ను 28 రోజులపాటు ఇచ్చారు. వారి సిస్టోలిక్ పీడనం సుమారు 7, డయాస్టోలిక్ పీడనం 5 పాయింట్లు తగ్గాయి. అంత మోతాదు ఉల్లిపాయల నుంచి పొందాలంటే రోజుకు కిలోకు పైగా తినాలి.

2010లో ప్రచురితమైన మరో అమెరికా అధ్యయనంలో 65 మంది పాల్గొన్నారు. ఎర్ర గోంగూర పూల రక్షక పత్రాలతో కాచిన తేనీటిని ఆరు వారాలపాటు రోజుకు మూడు కప్పులు తాగినవారిలో సిస్టోలిక్ పీడనం 7.2 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి పానీయం తాగినవారిలో తగ్గుదల 1.3 మాత్రమే.

కోకోపై జరిగిన 35 ప్రయోగాలను 2017లో సమీక్షించిన కాక్రేన్ సంస్థ, సగటు తగ్గుదలను రెండు పాయింట్ల లోపుగానే లెక్కగట్టింది. 21 వేల మందికి పైగా వృద్ధులపై జరిగి, 2022లో వెలువడిన కాస్మోస్ ప్రయోగంలోనూ కోకో ఫ్లేవనాల్ మాత్రలు గుండెజబ్బుల మొత్తం ఘటనలను గణనీయంగా తగ్గించలేకపోయాయి.

గమనించవలసినవి

ప్రయోగంలో వాడినది పూల రక్షక పత్రాలను. మన వంటలో వాడేది ఆకును. ఆ ఫలితాన్ని గోంగూర పచ్చడికి వర్తింపజేయలేం. పైగా నిల్వ పచ్చడిలో ఉప్పు అధికం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి రోజుకు 5 గ్రాముల లోపే.

అధిక రక్తపోటు చాలామందిలో ఏ లక్షణమూ చూపదు. కాబట్టి ఒంట్లో బాగానే ఉందన్న భరోసాతో మాత్రలు మానేస్తే పక్షవాతం, గుండెపోటు, మూత్రపిండాల వైఫల్యం ముప్పు పెరుగుతుంది. పండ్లు, కూరగాయలు నిత్యాహారంలో ఉండవలసినవే. ఫ్లేవనాయిడ్ మాత్రలు వాడదలచినవారు మాత్రం ముందుగా వైద్యుని సంప్రదించాలి.