జీతాలు ఆగిపోయిన దేశం: యెమెన్ అంతర్యుద్ధానికి వేళ్లు ఎక్కడ?

మన పత్రికల్లో యెమెన్ వార్త అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒకటే వివరణ: షియాలకూ సున్నీలకూ పడదు, ఒకరి వెనక ఇరాన్, ఇంకొకరి వెనక సౌదీ అరేబియా. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఈ ఒక్క మాటే నమ్ముకుంటే ఆ దేశ చరిత్ర తొలి మలుపులోనే దారి తప్పుతాం. 1962లో అక్కడ మొదటి పెద్ద అంతర్యుద్ధం రేగినప్పుడు, షియాల్లో ఒక శాఖ అయిన జైదీల ఇమామ్‌కు డబ్బూ తుపాకులూ పంపింది సున్నీలైన సౌదీ రాజులే. 2004లో జైదీ తిరుగుబాటుదారులైన హూతీల మీదికి సైన్యాన్ని నడిపిన అధ్యక్షుడు అలీ అబ్దుల్లా సాలెహ్ కూడా పుట్టుకతో జైదీయే. మతం ఈ యుద్ధానికి జెండాగా పనికొచ్చింది. కారణాలు వేరే చోట ఉన్నాయి. ఖజానా ఎవరి చేతిలో ఉంది, జీతం ఎవరికి అందింది, ఎవరికి ఎగ్గొట్టారు అన్న ప్రశ్నలు వేసుకుంటూ వెళితే అవి ఒక్కొక్కటీ బయటపడతాయి.

యెమెన్ ఉత్తర కొండల్లో జైదీ ఇమామ్‌ల ఏలుబడి క్రీ.శ. 897లో సఅదా పట్టణంలో మొదలైంది. మధ్యలో పరాయి పాలనలు వచ్చిపోయినా, ఇమామ్ పీఠం మాత్రం వెయ్యేళ్లకు పైగా నిలిచింది. పాలించే హక్కు ప్రవక్త వంశీకులైన సయ్యద్‌లకే ఉండేది. తుపాకీ పట్టే తెగల వాళ్లు, పంట పండించే రైతులు వాళ్ల కింద ఉండేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి తుర్కులు వెళ్లిపోయాక ఇమామ్ యహ్యా దేశాన్ని దాదాపు తలుపులు మూసి పాలించాడు. తెగల విధేయత కోసం వాళ్ల కుటుంబాల పిల్లల్ని బందీలుగా ఉంచుకోవడం ఆయన పాలనలో మామూలు పద్ధతి.

దక్షిణం కథ వేరు. 1839లో బ్రిటిష్ వాళ్లు ఏడెన్ రేవును ఆక్రమించారు. 1937 దాకా దాన్ని ఇండియా నుంచే పాలించారు. ఈ దక్షిణంతో హైదరాబాద్‌కు పాత సంబంధం ఉంది. నిజాం కొలువులో సిపాయిలుగా చేరడానికి హద్రమౌత్ లోయ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఇప్పటికీ బార్కస్‌లో ఉన్నారు. అలా వచ్చినవాళ్లలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే జమేదార్ ఇక్కడ సంపాదించిన సొమ్ముతో, ఆయన కొడుకులు హద్రమౌత్‌లో ఒక సుల్తానుల రాజ్యాన్నే నిలబెట్టారు. అది 1967 దాకా సాగింది. ఏడెన్, హద్రమౌత్ అన్నవి మన పాతబస్తీలో కొన్ని కుటుంబాలకు తాతముత్తాతల ఊళ్లు.

1962 సెప్టెంబర్ 26న సైనికాధికారులు సనాలో కొత్త ఇమామ్ బద్ర్‌ను గద్దె దింపి గణతంత్రం ప్రకటించారు. ఆయన తప్పించుకుని కొండల్లోకి పోయాడు. గణతంత్రానికి అండగా ఈజిప్ట్ అధ్యక్షుడు నాసర్ దండు పంపాడు. ఒక దశలో ఆ సైనికుల సంఖ్య 70 వేల దాకా వెళ్లింది. ఇమామ్ వెనక సౌదీ నిలబడింది. ఈజిప్ట్ విమానాలు కొండ గ్రామాల మీద విషవాయువు బాంబులు కూడా వేశాయి. 1967లో ఇజ్రాయెల్ చేతిలో ఓడాక నాసర్ సైన్యాన్ని వెనక్కి పిలిపించుకున్నాడు. 1970లో రాజీ కుదిరింది. గణతంత్రం మిగిలింది, ఇమామ్ రాజ్యం పోయింది. ఈ ఎనిమిదేళ్లు యెమెన్‌కు ఒక చెడ్డ అలవాటు నేర్పాయని నేననుకుంటాను. తెగల పెద్దలు అటు రియాద్ నుంచీ ఇటు కైరో నుంచీ డబ్బు తీసుకోవడం మరిగారు. సనాలో ఎవరు కూర్చున్నా వాళ్లకు నెల నెలా ఏదో ఒకటి ముట్టచెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. సయ్యద్‌ల పెత్తనం పోయింది గానీ, వాళ్ల పాత కోట అయిన సఅదాకు కొత్త ప్రభుత్వం రోడ్డు, బడి, ఆసుపత్రి అంటూ పెద్దగా ఇచ్చిందేమీ లేదు. ఆ నిర్లక్ష్యం నలభై ఏళ్ల తర్వాత ఎదురు తిరిగింది.

దక్షిణంలో 1967 నవంబర్ 30న బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయారు. అరబ్ ప్రపంచంలో ఏకైక మార్క్సిస్టు రాజ్యం అక్కడ ఏర్పడింది. ఆడపిల్లల చదువు, కుటుంబ చట్టాల్లో అది చాలా ముందుకు పోయింది. కానీ 1986 జనవరిలో పార్టీ నాయకులు తమలో తామే కాల్చుకున్నారు. కొద్ది రోజుల్లోనే వేలమంది చనిపోయారు. సోవియట్ సాయం ఎండిపోయాక ఉత్తరంతో కలవడం తప్ప దానికి దారి లేకపోయింది.

ఉత్తరంలో అప్పటికే సాలెహ్ పన్నెండేళ్లుగా గద్దె మీద ఉన్నాడు. ఆయనకు ముందు ఇద్దరు అధ్యక్షులు తొమ్మిది నెలల తేడాలో హత్యకు గురయ్యారు. పెద్దగా చదువుకోని ఈ సైనికాధికారి ఎన్నాళ్లో ఉండడని 1978లో అందరూ అనుకున్నారు. 33 ఏళ్లు ఉన్నాడు. యెమెన్‌ను పాలించడమంటే పాముల తలల మీద నాట్యమాడడమేనని ఆయనే అనేవాడు. సైన్యంలో కీలక పదవులు కొడుక్కీ తమ్ముళ్లకూ అన్న కొడుకులకూ ఇచ్చాడు. షేక్‌లకు డబ్బు, ఇస్లామిస్టులకు బడులు, వర్తకులకు దిగుమతి లైసెన్సులు పంచాడు. ఈ పాలనలో ఆయన కూడబెట్టింది 3,200 కోట్ల నుంచి 6,000 కోట్ల డాలర్ల మధ్య ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2015లో అంచనా వేసింది. అదీ అరబ్ దేశాల్లోకెల్లా పేద దేశమైన యెమెన్‌లో.

1990 మే 22న రెండు యెమెన్‌లు ఒకటయ్యాయి. నాలుగు నెలలు తిరక్కముందే పెద్ద దెబ్బ తగిలింది. కువైట్ సంక్షోభంలో యెమెన్ సద్దాం వైపు మొగ్గిందన్న కోపంతో సౌదీ, అక్కడ పనిచేసే యెమెనీలకున్న ప్రత్యేక వెసులుబాట్లు రద్దు చేసింది. దాదాపు ఎనిమిది లక్షల మంది మూటాముల్లె సర్దుకుని వెనక్కి వచ్చారు. నవంబర్‌లో భద్రతా మండలిలో ఇరాక్ మీద యుద్ధ తీర్మానానికి వ్యతిరేకంగా యెమెన్, క్యూబా మాత్రమే ఓటేశాయి. అమెరికా సాయం ఆగింది. గల్ఫ్ నుంచి వచ్చే మనియార్డర్ల మీద బతికే కుటుంబాలకు ఆ డబ్బు హఠాత్తుగా ఆగిపోవడమంటే ఏమిటో మన కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎనిమిది లక్షల మంది ఇళ్లలో అది ఒకే ఏడాది జరిగింది.

1994లో దక్షిణం విడిపోతానంది. రెండు నెలల యుద్ధంలో ఓడిపోయింది. జూలైలో ఏడెన్‌ను విజేతలు దోచుకున్నారు. దక్షిణాది సైనికాధికారుల్నీ ఉద్యోగుల్నీ వేలకొద్దీ బలవంతంగా ఇంటికి పంపారు. 2007లో దక్షిణ ఉద్యమం రాజుకున్నది ఏ సిద్ధాంత గ్రంథంతోనో కాదు, ఈ మాజీ సైనికులు తమ ఉద్యోగాలూ పెన్షన్లూ అడుగుతూ వీధిలో కూర్చోవడంతో.

ఉత్తరాన సఅదా ఇంకోలా రగిలింది. సున్నీల్లో ఛాందస శాఖ అయిన సలఫీల బడులు సౌదీ డబ్బుతో వ్యాపించి జైదీల ఊళ్ల నడుమకే వచ్చాయి. తమ సంప్రదాయం మాసిపోతోందని 1990ల్లో కొందరు యువకుల్ని కూడగట్టారు. హుసేన్ అల్ హూతీ ఆ ఉద్యమాన్ని అమెరికా వ్యతిరేకత వైపు తిప్పాడు. మొదట్లో, సలఫీలకు పోటీగా ఉంటారని, వీళ్లను దువ్వింది కూడా సాలెహే. 2004లో హుసేన్‌ను సైన్యం చంపేసింది. 2010 దాకా ఆరు యుద్ధాలు జరిగాయి. ఒక్కో యుద్ధం అయ్యేసరికి హూతీలు ఇంకాస్త బలపడ్డారు. బాంబులకు ఇళ్లు కూలిన ప్రతి ఊరూ వాళ్లకు కొత్త మనుషుల్నిచ్చింది.

2011లో సాలెహ్ దిగిపోవాలంటూ సనా యూనివర్సిటీ ముందు యువతీ యువకులు డేరాలు వేశారు. వాళ్లలో ముందున్న తవక్కుల్ కర్మాన్‌కు ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మార్చి 18న చాటుగా కాల్చిన తూటాలకు యాభై మంది దాకా నేలకొరిగారు. నవంబర్‌లో గల్ఫ్ దేశాలు కుదిర్చిన ఒప్పందం ప్రకారం సాలెహ్ దిగిపోయాడు. బదులుగా ఆయనకు విచారణ లేకుండా రక్షణ ఇచ్చారు. దేశంలోనే ఉండనిచ్చారు, పార్టీని ఆయన చేతిలోనే ఉంచారు. ఇంతటి కీడు తెచ్చిన రాజీ ఇటీవలి అరబ్ చరిత్రలో తక్కువ. కొత్త అధ్యక్షుడు హాదీ దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడగొట్టే పథకం తెచ్చాడు. అందులో సఅదాకు సముద్రమూ లేదు, చమురూ లేదు. 2014 జూలైలో ఇంధన సబ్సిడీ ఎత్తేశారు. ఆ కోపం మీద స్వారీ చేస్తూ, నిన్నటి శత్రువు సాలెహ్ సైనికుల తోడ్పాటుతో, హూతీలు సెప్టెంబర్ 21న రాజధాని సనాను పట్టుకున్నారు. హాదీ ఏడెన్‌కూ అక్కణ్నుంచి రియాద్‌కూ పారిపోయాడు. 2015 మార్చి 26న సౌదీ, ఎమిరేట్స్ కూటమి వైమానిక దాడులు మొదలుపెట్టింది. సాలెహ్ 2017 డిసెంబర్‌లో పక్షం మార్చబోయి హూతీల చేతిలోనే చచ్చాడు.

2018 ఆగస్టు 9న సఅదా జిల్లా దహ్యాన్ బజారులో ఒక బస్సు ఆగింది. అందులో వేసవి మత పాఠశాల పిల్లలు విహారయాత్రకు బయల్దేరి ఉన్నారు. కూటమి విమానం దాని మీద బాంబు వేసింది. నలభై మంది పిల్లలు చనిపోయారు. ముక్కల మీది అంకెల్ని బట్టి అది అమెరికాలో తయారైన బాంబు అని తేలింది. మూడు వారాల తర్వాత కూటమి పొరపాటు జరిగిందని ఒప్పుకుంది. అప్పటికి రెండేళ్ల కిందట సనాలో ఒక సంతాప సభ మీద వేసిన బాంబులకు 140 మంది దాకా పోయినప్పుడు కూడా ఇదే మాట చెప్పింది.

అయినా ఈ యుద్ధంలో బాంబు కంటే ఎక్కువమందిని చంపింది ఆకలి, రోగం. 2021 చివరికి 3,77,000 మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం అంచనా. అందులో అరవై శాతం దాకా తిండి, మందు, మంచినీళ్లు లేక పోయినవాళ్లు. 2017 ఒక్క ఏడాదే కలరా అనుమానిత కేసులు పది లక్షలు దాటాయి.

ఈ ఆకలి కరువు వల్ల వచ్చింది కాదు. యెమెన్ తినే గోధుమల్లో తొంభై శాతం పైగా ఓడల్లో వస్తాయి, ఎక్కువ భాగం హుదైదా రేవులో దిగుతాయి. 2015 ఆగస్టులో ఆ రేవు క్రేన్లను కూటమి బాంబులతో కూల్చింది. 2016 సెప్టెంబర్‌లో హాదీ ప్రభుత్వం సెంట్రల్ బ్యాంకును సనా నుంచి ఏడెన్‌కు మార్చింది. దాంతో దాదాపు పన్నెండు లక్షల ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు ఆగాయి. నర్సులు, పారిశుధ్య కార్మికులు, పంపుహౌస్ సిబ్బంది, 1,70,000 మంది టీచర్లు అందులోనివారే. చెత్త ఎత్తేవాళ్లూ నీళ్లు వదిలేవాళ్లూ జీతం లేక పనికి రాకపోతే కలరా రాక ఏమవుతుంది? యుద్ధానికి ముందు డాలరుకు 215 రియాళ్లుండేది. 2024 చివరికి ఏడెన్‌లో అది 2,000 దాటింది. అంగట్లో పిండి బస్తాలు ఉన్నాయి, కొనే వాడి చేతిలో డబ్బు లేదు.

హూతీలు ఏమాత్రం తక్కువ తినలేదు. సహాయ ధాన్యాన్ని దారి మళ్లించారని 2019లో ప్రపంచ ఆహార కార్యక్రమం సనాలో పంపిణీని కొంతకాలం ఆపేసింది. చిన్నపిల్లల చేతికి తుపాకులిచ్చారు, పొలాల్లో మందుపాతరలు నాటారు, 2024లో ఐరాస సిబ్బందిని జైల్లో పెట్టారు. తైజ్ నగరాన్ని 2015 నుంచి దిగ్బంధించారు. ఊరికీ దాని శివారు హౌబాన్‌కూ మధ్య నిమిషాల్లో తేలే దారి మూసుకుపోయి, కొండల చుట్టూ గంటల ప్రయాణం అయింది. కాన్పు నొప్పులతో ఉన్న ఆడవాళ్లు ఆ గతుకుల దారినే జీపుల్లో వెళ్లాల్సి వచ్చింది. 2024 జూన్‌లో గానీ ఆ రోడ్డు తెరుచుకోలేదు.

2022 ఏప్రిల్ సంధి తర్వాత హూతీల మీద సౌదీ విమానాల దాడులు ఆగాయి. జీతాల సంగతి మాత్రం ప్రతి చర్చలోనూ వచ్చి, ప్రతిసారీ తెగకుండా మిగిలింది. ఇరువైపులా జరిగిన నేరాలను పరిశోధించడానికి ఐరాస మానవ హక్కుల మండలి 2017లో ఒక స్వతంత్ర నిపుణుల బృందాన్ని వేసింది. దాన్ని పొడిగించాలన్న తీర్మానం 2021 అక్టోబర్‌లో 18–21 ఓట్లతో వీగిపోయింది. ఆ మండలి చరిత్రలో ఓటింగ్‌లో ఓడిన మొదటి తీర్మానం అదే.