చెయిన్ పోయి బెల్టు వచ్చిన జమానా

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై రోడ్డు పక్కన ఎన్ని కార్ఖానాలు లేచాయో! వాటికి రిజిస్టర్లున్నాయి. పక్కనున్న మరమ్మత్ షెడ్డుకి మాత్రం ఉస్తాద్ జుబానే రిజిస్టర్.

ఈ ఇలాకాకి మోటార్ హునర్ కొత్త కాదు. 1932లో నిజాం రైల్వే బస్సులు నడిపింది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది. 1980లలో అదే ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారు చేసింది. తర్వాత ఆ ప్లాంటు మహీంద్రా చేతికి పోయింది.

అప్పటిదాకా మన మిస్త్రీలు ఎరిగిన కార్లు అంబాసిడర్, ఫియట్. వాటిలో క్రాంక్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌కి ఇనప చెయిన్. సాగితే మోత చేసి ముందే ఖబర్దార్ అంటుంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, చెయిన్ జాగాలో పళ్ళున్న రబ్బరు బెల్టు. జర్మనీలో గ్లాస్ 1004 కారు 1962లోనే తెచ్చిన తరీఖా ఇది.

బెల్టు చాలాసార్లు ఖామోష్‌గానే తెగుతుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ హిసాబ్ తప్పితే కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి.

ఆ హిసాబ్‌కి కాపలాదారు టెన్షనర్. చిన్న చక్రం, లోపల బేరింగ్, పక్కన స్ప్రింగ్. వదులైతే బెల్టు పళ్ళు దాటుతుంది, అతిగా బిగిస్తే బేరింగ్ పాడవుతుంది. పాత మారుతిలో ముందు గుర్తులు కలపాలి. బెల్టు ఎక్కించి, టెన్షనర్ బోల్టు వదులుగా ఉంచి, స్ప్రింగ్‌ని లాగనివ్వాలి. క్రాంక్‌ని అది తిరిగే దిక్కులోనే రెండు చుట్లు చేత్తో తిప్పి, అప్పుడు బోల్టు బిగించాలి. మళ్ళీ గుర్తులు చూసుకోవాలి. నేనెరిగిన ఒక ఉస్తాద్ షాగిర్ద్‌లతో అనేవాడు: "నువ్వు లాగకు బేటా, స్ప్రింగ్‌ని లాగనియ్యి. సబర్ కర్."

గాహక్ ఎప్పుడూ "బెల్టొక్కటే మార్చు భాయ్" అంటాడు. పాత టెన్షనర్‌ని వేలితో తిప్పితే గరగరమన్నా, ఊగినా కొత్త బెల్టు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఇంజన్ మూత వేశాక లోపల ఏముందో గాహక్‌కి కనబడదు. అందుకే బండి అమానత్. ఆ మాట చెప్పి ఒప్పించడం కూడా హునర్‌లో భాగమే.

2014లో మారుతి 800 తయారీ ఆగిపోయింది. ఆ చేతులూ ముసలివవుతున్నాయి. మీ ఇంట్లో అబ్బాజానో చాచానో మిస్త్రీ అయితే, ఒక జుమా సాయంత్రం పక్కన కూర్చొని అడగండి, రాసుకోండి. అదీ మన తారీఖే.