చిప్పింగ్ కాంప్డెన్: ఒక ఆంగ్ల విపణిపురము

ఇంగ్లండు దేశమున, గ్లాస్టర్‌షైరు మండలమునందలి కాట్స్‌వోల్డు కొండలలో చిప్పింగ్ కాంప్డెన్ అను చిన్న పట్టణము కలదు. 'చిప్పింగ్' అనునది అంగడి యను అర్థముగల ప్రాచీనాంగ్ల పదమునుండి యేర్పడినది. ఊరిపేరే దాని చరిత్రకు మొదటి సాక్ష్యము. తేనెవన్నె సున్నపురాతి యిండ్ల వరుసను గాంచినవారు దీనిని కాలము స్పృశింపని పల్లె యని మెచ్చుకొందురు. ఆ మెప్పు సౌందర్యవిషయమున సరియైనదే. చరిత్రవిషయమున విమర్శకు నిలువదు.

12వ శతాబ్ది ఉత్తరార్ధమున, రెండవ హెన్రీ యేలుబడిలో, ఈ యూరికి పట్టణాధికారములును సంత జరుపుకొను హక్కును లభించినవి. పెద్దవీధి కిరువైపుల, ముఖము సన్నముగాను లోతు ఎక్కువగాను ఉండునట్లు నివేశనస్థలములను కొలిచి యిచ్చిరి. వీధివైపున వ్యాపారము సాగించు అవకాశము ఎక్కువమందికి దక్కుటయే ఇందలి ప్రయోజనము. 14వ శతాబ్దినాటికి కాట్స్‌వోల్డు ఉన్ని ఫ్లాండర్సు, ఇటలీ దేశముల నేతగాండ్రకు చేరుచుండెను. 1401లో మరణించిన విలియం గ్రెవెల్ సమాధిపైనున్న ఇత్తడి ఫలకము, ఆతనిని ఇంగ్లండు ఉన్నివర్తకులలో పుష్పమువంటివానిగా కీర్తించుచున్నది. ఆతని గృహము నేటికిని పెద్దవీధిలో నిలిచియున్నది. సెయింట్ జేమ్సు దేవాలయపు వైభవమునకును ఉన్నిధనమే ఆధారము.

తరువాత ముడి ఉన్ని యెగుమతి తగ్గి, స్వదేశమున వస్త్రోత్పత్తి పెరిగెను. ఆ పరిశ్రమ వడిగల యేళ్లున్న స్ట్రౌడు లోయలను ఆశ్రయించెను. లండనులో పట్టువర్తకమున ధనికుడైన బాప్టిస్టు హిక్సు ఇచట 1612లో పేదలకు ఆశ్రయగృహములను, 1627లో వెన్న, జున్ను, కోళ్లు అమ్మువారికై సంతమండపమును కట్టించెను. ఆతని సొంతభవనము 1645లో, అంతర్యుద్ధకాలమున, రాజపక్షసైన్యముచే దగ్ధమయ్యెను. సంతమండపము మాత్రము నిలిచెను.

క్రమముగా వర్తకము సన్నగిల్లెను. క్రొత్తవి కట్టుటకు ధనము లేనిచోట పాతవానిని కూల్చు అవసరమును అరుదు. 1902లో సి. ఆర్. ఆష్‌బీ తన హస్తకళాసంఘమును లండనునుండి ఇచటికి తరలించెను. పనివారు పల్లెపట్టున గౌరవముగా బ్రతుకగలరని ఆతని విశ్వాసము. చౌకవస్తువుల పోటీవలనను, నగరవిపణి దూరమగుటవలనను 1908లో ఆ సంఘము మూతపడెను. ఐనను కొందరు పనివారు ఇచటనే నిలిచి తమ విద్యను కొనసాగించిరి. 1929లో కాంప్డెన్ ట్రస్టు వెలసి పాతకట్టడముల రక్షణకు పూనెను. 1940ల దశకమున సంతమండపము అమెరికాకు తరలిపోవు ప్రమాదము కలుగగా, ఊరివారు ధనము కూర్చి దానిని కొని నేషనల్ ట్రస్టున కప్పగించిరి.

కావున ఈ పట్టణమును కాలము స్పృశింపలేదనుట పొరపాటు. కలిమి కట్టించినదానిని లేమి కూల్చక విడిచినది. పిమ్మట మనుష్యుల పూనిక కాపాడినది. ప్రాచీనకట్టడములను పరిశీలించువారు వానిని ఎవరు కట్టించిరని యడుగుటతో ఆగరాదు. ఎవరును ఏల కూల్చలేదనియు అడుగవలెను.