అప్పన్న నుండి అప్పానా దాకా: ఒక ఫ్రెంచి ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు

క్రిందటి చలికాలంలో మేము కతార్ దేశంలోని అల్ రయ్యాన్‌లో మా అమ్మాయి ఇంట మూడు వారాలు ఉండి వచ్చాము. అల్ రయ్యాన్ దోహాకు పడమటి దిక్కున ఆనుకొని ఉన్న పట్టణం. విశ్వవిద్యాలయాలన్నీ ఒక్కచోట చేర్చిన ఎడ్యుకేషన్ సిటీ అక్కడిదే. 2018లో లాంఛనంగా ప్రారంభించిన జాతీయ గ్రంథాలయం కూడా ఆ ఆవరణలోనే ఉన్నది. మాకు పుస్తకాల పిచ్చి ఉన్న సంగతి ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. అందుచేత వారానికి రెండుసార్లయినా అక్కడికి వెళ్ళేవాళ్ళము. మమ్మల్ని కారులో తీసుకువెళ్ళే అబ్బాయిది శ్రీకాకుళం జిల్లా. మేము మాట్లాడే తెలుగు విని మొదటిరోజు నవ్వు ఆపుకున్నాడు. రెండోరోజుకు, "మా ముసలమ్మ ఇలాగే మాట్లాడేది బాబూ" అన్నాడు. ఇంతకంటె గొప్ప బిరుదు మాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ అబ్బాయి ఒకనాడు తన గుర్తింపు కార్డు చూపించాడు. ఇంగ్లీషు అక్షరాలలో అతని పేరు, దాని వెనుక అప్పన్న అని ఉన్నది. అప్పన్న అతని తండ్రి పేరు. స్వదేశపు కాగితాలలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండేదట. కంపెనీ గుమాస్తాకు పొడి అక్షరం చాలలేదు, పూర్తి పేరు కావాలన్నాడు, తండ్రి పేరు కనిపిస్తే అది వేసుకున్నాడు. పక్కనే అరబ్బీ లిపి. అరబ్బీలో 'ప' అక్షరం లేదు. దాని బదులు 'బ' వ్రాస్తారు. ఆ లెక్కన అప్పన్న కాస్తా అబ్బన్న అయినాడు. "ఇక్కడ అందరూ నన్ను అబ్బన్నా అనే పిలుస్తారు. పిలిచేది మా నాన్ననో నన్నో తెలీదు" అన్నాడు.

అతడు నవ్వుతూ చెప్పినాడు గాని మాకు నవ్వు రాలేదు. ఆనాడు మా సంచిలో నతాషా అప్పానా వ్రాసిన ఫ్రెంచి పుస్తకం ఒకటి ఉన్నది. ఆమె మన మారిషస్ ఆడపడుచు, 1973లో మహేబూర్గ్‌లో పుట్టినది. 2003లో వచ్చిన ఆమె మొదటి నవల కూలీలుగా వచ్చిన భారతీయుల కథ. 2025లో ఫ్రాన్సులో ఫెమీనా బహుమతి అందుకున్నది. 2023లో వెలువడిన పుస్తకంలో, 1872లో తెలుగుదేశం నుండి ఓడ దిగిన తన పూర్వుల గురించి, వారికిచ్చిన నంబర్ల గురించి వ్రాసినది. ఆమె పేరు చివర ఉన్న 'అప్పానా' ను పారిస్ పుస్తకాల షాపులో ఫ్రెంచి ఇంటిపేరుగానే చదువుతారు. మన పిల్లలలోనూ చాలామంది అంతే అనుకుంటారు. మా అన్నగారి మనవరాలు తన పేరులోని అప్పడూ అన్న మాట బ్రిటనీ ప్రాంతపు పేరని స్కూల్లో వాదించి వచ్చినదట! ఆ అమ్మాయిని ఏమీ అనలేము. మనం చెబితే గదా తెలిసేది.

మరి చెప్పుకుందాము. విశాఖపట్నం దగ్గర సింహాచలం కొండమీద వెలసిన వరాహ నరసింహస్వామిని అక్కడి రైతులు, కూలీలు, గొల్లలు, జాలరులు ఎవరూ అంత పొడుగు పేరు పెట్టి పిలవరు. సింహాద్రి అప్పన్న అంటారు. ఏడాది పొడుగునా చందనపు పూతలో ఉండి, అక్షయ తృతీయ ఒక్కనాడు నిజరూపంలో కనిపించే దేవుడాయన. అప్ప అంటే తండ్రి, అన్న అంటే అన్నే. ఇంటిలోని ఇద్దరు పెద్దమగవాళ్ళను కలిపి దేవుడికి పేరు పెట్టుకున్నారు మనవాళ్ళు. ఆ దేవుడికి మొక్కి కన్న కొడుకులకు అప్పన్న, అప్పయ్య, అప్పడు, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు అని పెట్టుకుంటారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో వీధిలో నిలబడి "అప్పా!" అని కేక వేస్తే పదిమంది తిరిగి చూస్తారు. మన దీవిలో నేటికీ సింహాద్రి అప్పన్న పూజ చేసుకునే కుటుంబాలకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. కాని పూజలో తలచే అప్పన్న, తమ కార్డుమీద ఉన్న అప్పానా ఒక్కటేనని గుర్తుపట్టేవాళ్ళు తక్కువ.

ఇక ఆ పేరు కాగితం మీదికి ఎట్లా వచ్చినది? 1834 నుండి ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళ దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయులు మారిషస్‌లో దిగినారు. మనవాళ్ళలో చాలామంది కోరంగి రేవు నుండి వచ్చినందుకు మనకు కొరంగీలన్న పేరు స్థిరపడినది. 1839 తుపానులో కోరంగి నాశనమైనది గాని దాని పేరు మాత్రం సముద్రం ఇవతల మనల్ని పట్టుకొని ఉన్నది. పోర్ట్ లూయీలో ఓడ దిగిన ప్రతి మనిషికి ఒక నంబరు. రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా వ్రాసుకునేవారు. ఇంటిపేరుకు గడి లేదు. తెలుగువాడి ఇంటిపేరు పేరుకు ముందు వస్తుంది, దొరల ఇంటిపేరు వెనుక వస్తుంది. గుమాస్తా అడగలేదు, అడిగినా కూలీకి ఎటు చెప్పాలో తెలియదు. ఆ విధంగా ఇంటిపేరు ఓడలోనే ఉండిపోయినది.

తరువాత ఆ మనిషికి కొడుకు పుట్టినాడు. దీవి 1810లో ఇంగ్లీషువారి చేతికి వచ్చినా, నెపోలియన్ నాటి సివిల్ కోడ్ మాత్రం అట్లాగే నిలిచి ఉన్నది. ఆ పద్ధతిలో బిడ్డకు ఇంటిపేరు ఉండి తీరాలి, అది తండ్రి నుండి రావాలి. తండ్రికి ఉన్నది ఒకే ఒక పేరు, అప్పన్న. అదే కొడుకు ఇంటిపేరు, మనవడి ఇంటిపేరు, ఈనాడు అయిదారు తరాల తరువాత మన ఇంటిపేరు.

ఇక్కడ ఒక్క అక్షరం దగ్గర ఆగవలసి ఉన్నది. మన దీవిలో అప్పానా, అప్పడూ అనే రెండు రూపాలూ ఉన్నవి. అప్పన్నను ఎవరు అప్పడు అంటారు? తల్లి అంటుంది, ముద్దుకు. కామందు అంటాడు, లోకువకు. తోటివాళ్ళు అప్పన్న అంటారు, చిన్నవాళ్ళు అప్పయ్య అంటారు. రేవులో పేరు చెప్పినది ఆ మనిషి తానేనా, లేక పక్కన నిలబడిన మేస్త్రీయా? చివర 'డు' ఉన్న చోటల్లా మేస్త్రీ గొంతు మాకు వినిపిస్తుంది. అప్పిగాడు అన్నది కూడా కొందరికి ఇంటిపేరుగా నిలిచిపోయినది మరి! ఏ తండ్రీ తన పేరు అప్పిగాడని తాను చెప్పుకోడు. మన పేర్లలో దేవుడు ఉన్నాడు, దేవుడి పక్కనే కంగాణీ కూడా ఉన్నాడు. దీనికి సిగ్గుపడి పేరు మార్చుకున్నవారిని మేము ఎరుగుదుము. మాకు మాత్రం ఆ అక్షరాన్ని అట్లాగే ఉంచుకోవడం మేలనిపిస్తుంది. రిజిస్టరులో మనవాళ్ళ స్థితిని ఇంత సూటిగా చెప్పే మాట మరొకటి లేదు.

ఇంతకూ ఇవి ఫ్రెంచి పేర్లేనా అంటే, పలకడంలో ఫ్రెంచి, వ్రాయడంలో ఇంగ్లీషు. ఫ్రెంచివాడు 'ఊ' ధ్వనికి 'ఓయూ' వ్రాస్తాడు, ఇంగ్లీషువాడు రెండు 'ఓ'లు వ్రాస్తాడు. మన అప్పడూ, నాయిడూ అన్నిటికీ రెండు 'ఓ'లే. అప్పానా చివరనున్న 'హెచ్' కూడా చెన్నపట్నపు ఇంగ్లీషు గుమాస్తాల అలవాటే. సుబ్బయ్య, రామయ్యల చివర వాళ్ళు తగిలించే 'హెచ్' అదే. పక్కనున్న రియూనియన్ దీవికి వెళ్ళి చూడండి. అది ఫ్రెంచివారి పాలనలోనే నిలిచినది గనుక అక్కడ మన లక్ష్మణుడు 'లాచూమనిన్', ఇక్కడ 'లచ్మనెన్'. ఒకే మనిషి, రెండు ప్రభుత్వాలు. అన్నట్టు, 1828లోనే లా తుర్కువాజ్ అనే ఓడమీద 15 మంది తెలుగువారు యానాం నుండి రియూనియన్ చేరినారు. 1834లో మన దీవికి అట్లాస్ ఓడ రావడానికి ఆరేళ్ళ ముందు! ఈ సంగతి మన సభలలో ఎవరూ ఎత్తరు.

నిజమైన ఫ్రెంచి మాటనే ఇంటిపేరుగా తెచ్చుకున్నవారు కూడా మనవైపు ఉన్నారు. పుదుచ్చేరి వకీలు పొన్నుతంబి పిళ్ళె 1873లో బూట్లు తొడుక్కొని కోర్టుకు వచ్చినందుకు అడ్డగించారు. పారిస్‌లోని పై కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చినది. తరువాత 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ వచ్చినది. స్వకులాచారాన్ని వదులుకొని ఫ్రెంచి చట్టం క్రిందికి వచ్చేవారు ఒక ఇంటిపేరు ఎన్నుకోవాలి. ఆయన 'లాపోర్త్' అని పెట్టుకున్నాడు. అంటే తలుపు. యానాం తెలుగువారికీ ఆ డిక్రీయే వర్తించినది. ఆ వకీలు తన పేరును తానే ఎన్నుకున్నాడు, దాని అర్థం తెలిసి ఎన్నుకున్నాడు. మన అప్పన్నకు ఆ అవకాశం ఇవ్వలేదు.

అయితే ఫ్రెంచివారి పేర్లు మాత్రం ఎట్లా పుట్టినవి? ఆ దేశంలో అందరికంటె ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు మార్తాఁ. తూర్ పట్టణంలో బిషప్పుగా ఉండిన సెయింట్ మార్టిన్ చలిలో వణికే బిచ్చగానికి తన అంగీలో సగం కోసి ఇచ్చినవాడని చెబుతారు. ఆయనను తలచి కొడుకుకు మార్తాఁ అని పెట్టుకున్నారు. ఆ కొడుకు పేరు అతని సంతతికి ఇంటిపేరైనది. ఊరి దేవుడు, ఆయన పేరిట ఒక తండ్రి, తండ్రి పేరిట వంశం. అప్పానా పుట్టిన దారీ ఇదే. తేడా అల్లా కాలానిది. వాళ్ళకు కొన్ని వందల ఏళ్ళు పట్టినది, మనకు ఒక్క తరంలో, ఒక గుమాస్తా కలం పోటుతో జరిగిపోయినది.

అల్ రయ్యాన్‌లో మాకు తట్టిన విషయం మరొకటి ఉన్నది. అక్కడొక పెద్ద స్టేడియానికి అహ్మద్ బిన్ అలీ అని పేరు. 1960 నుండి 1972 వరకు కతార్‌ను ఏలిన అమీరు ఆయన. అలీ కొడుకు అహ్మద్ అని అర్థం. అరబ్బులకు తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఆపైన వంశం పేరు. కొడుకు పుడితే గొలుసు ఒక కడియ ముందుకు జరుగుతుంది, వంశం పేరు చివర చెక్కుచెదరకుండా ఉంటుంది. కంపెనీ గుమాస్తా అప్పన్న అని వేసుకోవడం ఆ దేశపు కంటికి తప్పుగా తోచదు. తండ్రి పేరు తండ్రి పేరుగానే ఉన్నది గదా. మన దగ్గర గొలుసు ఒకే కడియ దగ్గర బిగుసుకుపోయినది. ఓడ దిగిన తాతే అందరికీ తండ్రి. ఆయన ముందున్న ఇంటిపేరూ లేదు, ఆయన తరువాత వచ్చిన తండ్రుల పేర్లూ ఆ గడిలోకి రావు.

ఈ పేరు వ్యాప్తి గురించి రెండు మాటలు. మారిషస్‌లో అప్పడూలు, అప్పానాలు పల్లెలలోనూ పట్నాలలోనూ ఉన్నారు. 1860లో ట్రూరో ఓడతో కూలీల రాక మొదలైన దక్షిణాఫ్రికా నాటాల్‌లో అప్పల్‌సామీలు, అప్పల్‌రాజులు ఉన్నారు. మన దీవి నుండి ఫ్రాన్సుకు, ఇంగ్లండుకు వలస వెళ్ళినవారితో ఇవన్నీ అక్కడికీ చేరినవి. అల్ రయ్యాన్ ఎడ్యుకేషన్ సిటీ స్టేడియంలో 2022 నవంబరు 30న ఫ్రాన్సు జట్టు ట్యునీసియాతో ఆడి ఓడినది. ఆ నీలం చొక్కా వెనుక 2006 ప్రపంచ కప్పులో దొరసూ అన్న మన పేరు ఉండినది. వికాస్ దొరసూ మారిషస్ తెలుగు కుటుంబపు బిడ్డ, ఫ్రాన్సు పక్షాన 18 ఆటలు ఆడినవాడు. ఆయన పేరు చివర కూడా రెండు 'ఓ'లే!

ఇంత దూరం ఈ అక్షరాల లెక్క ఎందుకంటే, ఇది పెళ్ళిళ్ళ దాకా వచ్చినది. మా దగ్గరి బంధువుల ఇంట అమ్మాయి, అబ్బాయి ఇష్టపడినారు. ఇద్దరి ఇంటిపేరూ అప్పడూ. పెద్దలు కూడదన్నారు. ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి తప్పు అన్నారు. రెండేళ్ళు మాటలు లేవు. తెలుగుదేశపు నియమం వాళ్ళకు గుర్తున్నది, కాని ఆ నియమం ఏ పేరుకు వర్తిస్తుందో మరచిపోయినారు. అప్పడు అన్నది ఇంటిపేరు కాదు, ఇద్దరు వేరువేరు తాతల పేరు. సింహాచలం చుట్టూ అప్పళ్ళు ఎంతమందో పైన చెప్పినాము. తిరిగి చూస్తే, అసలు అన్నదమ్ములైన ఇద్దరిలో ఒకడు అప్పానాగా, మరొకడు తన పేరుతో పెంటయ్యగా రిజిస్టరులో పడి ఉంటే, వారి మునిమనవలు ఏ అడ్డూ లేకుండా పెళ్ళాడవచ్చును. వరస తేల్చేది పేరు కాదు, నంబరు.

ఆ నంబర్ల రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నవి. మేము రెండు కుటుంబాల పాత జనన పత్రాలు పట్టుకొని వెనక్కు నడిచినాము. అయిదవ తరం దగ్గర ఇద్దరు అప్పళ్ళు దొరికినారు. ఓడలు వేరు. ఒకరిది విశాఖపట్నం జిల్లా, ఒకరిది గంజాం. తండ్రుల పేర్లు వేరు, కులం గడిలో వ్రాసినదీ వేరు. ఆ చివరి సంగతి మరొక రగడకు దారితీసినది గాని అది ఇక్కడ అప్రస్తుతం. పెళ్ళి జరిగినది. కాదన్న పెద్దాయన భోజనాల వేళకు వచ్చి, పంక్తిలో మా పక్కనే కూర్చొని, "ఆ రెండో అప్పడి ఊరు ఏదన్నావు?" అని అడిగినాడు. చెప్పినాము. తన తాతదీ అదే ఊరట.