ఎడారి మడుగు నుండి పూలకుండీకి

ఇంటిలోని పూలకుండీకి నీరు పోయగానే మట్టిపైనుండి సన్నని నల్లదోమలు లేచుట చాలమంది చూచియుందురు. ఇవి మనుష్యులను కుట్టవు. ఇంగ్లీషులో వీనిని ఫంగస్ నాట్స్ అందురు. మనము కుండీదోమలు అనవచ్చును. సయారిడే అను కుటుంబమునకు చెందిన ఈ కీటకముల పొడవు సాధారణముగా రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. వీనిని చూచినవారు చేతితో కొట్టుదురు. లేదా ఏదో ఒక మందు చిమ్ముదురు. కొలది దినములలో దోమలు మరల కనిపించును. ఇట్లెందులకు జరుగును? దీనికి సమాధానము కుండీలోని మట్టిలోనే యున్నది. కాని వీనికి తగిన మందు దొరికిన చరిత్ర మాత్రము చాల దూరమున, జపానులోని పట్టుపురుగుల పెంపకములో, ప్రారంభమైనది.

శత్రువు ఎక్కడ నున్నది?

ఎగిరెడు దోమ వారము పది దినములకు మించి బ్రదుకదు. ఆ స్వల్పకాలములోనే ఆడదోమ తడిమట్టిలో నూరు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు గ్రుడ్లు పెట్టును. నాలుగైదు దినములకు అవి పగిలి డింభకములు వెలువడును. వాని శరీరము తెల్లగా, లోపలి భాగములు కనిపించునంత పలుచగా నుండును. తల మాత్రము నల్లగా నిగనిగలాడును. ఈ డింభకములు సుమారు రెండు వారములపాటు మట్టిలోని బూజును, కుళ్లిన ఆకులను తినుచు పెరుగును. అంతటితో ఆగక లేత వేళ్లను కూడ కొరుకును. నారుమొక్కలు ఎదుగక వాడిపోవుటకు, వేరుకుళ్లు తెగులు వ్యాపించుటకు ఇదియు నొక కారణము. తరువాత నాలుగైదు దినములు ప్యూపా దశలో నుండి దోమలై పైకి వచ్చును. కనుక ఎగురుచున్న పది దోమలను చంపినను, వాని సంతతి మట్టిలో సిద్ధముగానే యుండును. మందు చేరవలసినది గాలిలోనికి కాదు, మట్టిలోనికి.

పట్టుపురుగుల మృత్యువు

1901లో జపాను శాస్త్రజ్ఞుడు ఇషివాటా షిగెటానె, పట్టుపురుగులు హఠాత్తుగా కూలి చచ్చుటకు ఒక సూక్ష్మజీవి కారణమని కనుగొనెను. పట్టు జపానునకు ప్రధానమైన పరిశ్రమ. కావున అక్కడ ఆ సూక్ష్మజీవి శత్రువుగనే లెక్కింపబడినది. పదేండ్ల పిమ్మట, 1911లో, జర్మనీలో ఎర్నెస్ట్ బెర్లినర్ పిండిని పాడుచేయు ఒక చిమ్మెట పురుగులలో ఇట్టి సూక్ష్మజీవినే చూచెను. ఆ పురుగులు తురింజియా ప్రాంతపు పిండిమర నుండి వచ్చినవి. అందుచేత 1915లో ఆయన దానికి బాసిలస్ తురింజియెన్సిస్ అని పేరిడెను. 2002 నుండి మన పత్తిరైతుల నోట వినవచ్చుచున్న 'బి.టి.' అను రెండక్షరములు ఈ పేరునకు సంక్షేపమే.

పట్టుపురుగును చంపునది పిండిని తినెడు పురుగును కూడ చంపుచున్నదనగా, జపానులో శత్రువైనది పిండిమరలో మిత్రము కావచ్చును. 1938లో ఫ్రాన్సులో దీనితో చేసిన 'స్పోరైన్' అను మందు వాడుకలోనికి వచ్చినది. అయినను ఈ జీవి పురుగును ఎట్లు చంపుచున్నదో అప్పటికి తెలియదు. 1953లో కెనడాలో హానే అను శాస్త్రజ్ఞుడు, ఈ జీవిలో బీజముతోపాటు ఏర్పడు చిన్న స్ఫటికమునకు విషముతో సంబంధము ఉండవచ్చునని సూచించెను. 1954లో ఆంగస్ ఆ స్ఫటికమే పట్టుపురుగులను చంపుచున్నదని ప్రయోగపూర్వకముగా చూపెను.

ఈ స్ఫటికము ఒక ప్రోటీను. అది కడుపులోనికి పోయినంత మాత్రమున విషము కాదు. పురుగు ప్రేగులోని క్షారరసములో అది కరగును. అక్కడి ఎంజైములు దానిని ఖండించును. అటుపై అది ప్రేగు గోడలోని కణములకు అంటుకొని రంధ్రములు చేయును. పురుగు మేత మాని చచ్చును. మనుష్యుని జీర్ణకోశములో ఆమ్లము కలదు. ఈ విషము అంటుకొనుటకు తగిన స్థానములును లేవు. తాళపుచెవి ఒక తాళమునకే సరిపడినట్లు, ఒక్కొక్క రకపు బి.టి. కొన్ని జాతుల కీటకములపై మాత్రమే పనిచేయును.

ఎడారిలో ఒక మడుగు

ఈ జీవి ముఖ్యముగా గొంగళిపురుగులను మాత్రమే చంపునని చాలకాలము వరకు భావింపబడెను. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో గోల్డ్‌బర్గ్, మార్గలిత్ అను శాస్త్రజ్ఞులు ఒక చిన్న మడుగులో దోమల డింభకములు గుంపులుగా చచ్చియుండుట చూచిరి. ఆ మడుగునుండి వారు వేరుచేసిన సూక్ష్మజీవి బి.టి.లో ఒక క్రొత్త రకమని తేలినది. 1978లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చెందిన బార్జాక్ దానికి ఇజ్రాయెలెన్సిస్ అని పేరు పెట్టెను. దీనినే 'బి.టి.ఐ.' అందురు. పశ్చిమ ఆఫ్రికాలో అంధత్వమును కలిగించు ఒక రోగమును నదీతీరపు నల్లయీగలు వ్యాపింపజేయుచుండెను. రసాయనిక ఔషధములను అవి తట్టుకొన నారంభించినప్పుడు, 1980 తరువాత, ఈ బి.టి.ఐ. అక్కడ ఎంతో తోడ్పడెను.

దోమ, నల్లయీగ, కుండీదోమ - మూడును ఈగజాతి కీటకములు, బంధువులు. 1980ల దశకములో అద్దపుగృహములలో మొక్కలు పెంచువారి కొరకు ఈ మందును కుండీదోమల డింభకములపై పరీక్షించిరి, అది పనిచేసినది.

వాడుకలో జాగ్రత్తలు

పొట్లముపై 'బి.టి.' అని యుండుట చాలదు. 'ఇజ్రాయెలెన్సిస్' అను మాట యుండవలెను. గొంగళిపురుగులకై అమ్మెడు 'కుర్‌స్టాకి' రకము కుండీదోమలకు పనిచేయదు. పైపెచ్చు హిందూపురము వంటి పట్టు ప్రాంతములలో మల్బరీ ఆకుపై పడినచో, 1901నాటి జపాను కథయే మరల జరుగును. బి.టి.ఐ.ని నీటిలో కలిపి మట్టికి పోయవలెను. అది డింభకము తినినప్పుడే పనిచేయును. గ్రుడ్లను, ప్యూపాలను, ఎగిరెడు దోమలను చంపదు. మట్టిలో దాని శక్తి కొలది దినములకే తగ్గును. కనుక వారమున కొకసారి, కొన్ని వారములు పోయుట అవసరము.

అయితే అన్నిటికన్న ముందు చేయవలసిన పని ఖర్చులేనిది. పైమట్టి ఒక అంగుళము ఎండువరకు మరల నీరు పోయరాదు. ఎండిన మట్టిలో గ్రుడ్లును, డింభకములును బ్రదుకుట కష్టము. జిగురు పూసిన పసుపుపచ్చని అట్టముక్క నొకటి కుండీ ప్రక్క నిలిపిన ఎగిరెడు దోమలు దానికి అంటుకొనును.

పాఠశాలలో విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. తడిగా నుండు కుండీ నొకటి, పైమట్టి ఎండనిచ్చిన కుండీ నొకటి తీసికొని, రెండింటిలోను మట్టిపై పచ్చి బంగాళదుంప ముక్కలను ఉంచవలెను. రెండు మూడు దినముల పిమ్మట ముక్కలను తిరుగవేసి, అడుగున చేరిన నల్లతల డింభకములను భూతద్దముతో లెక్కింపవలెను. వారమున కొకసారి ఆ లెక్కలను పట్టికగా వ్రాసినచో, తడికిని ఈ పురుగులకును గల సంబంధము కన్నులకు కట్టును. మడుగు గట్టున నిలిచి చచ్చిన డింభకములను చూచినవారు చేసినదియు ఇట్టి పరిశీలనయే.